ఫొటోకు ఫొటో తీస్తే హాజరు

తనిఖీ బృందంలోని కుర్రాడు మస్టరు చదువుతూ ఒక పేరు దగ్గరికి రాగానే జనంలోంచి ఓ ముసలమ్మ లేస్తుంది. ‘‘ఆయన సచ్చి రెండేండ్లాయె. ఏడికెళ్లొచ్చి మట్టి తవ్విండు?’’ ఊరంతా గొల్లున నవ్వుతుంది. ఫీల్డ్ అసిస్టెంట్ మాత్రం నవ్వడు. ఉపాధి హామీ సామాజిక తనిఖీలు చూసినవాళ్లకు ఇలాంటి ఘట్టం కొత్త కాదు.

గ్రామసభే పనులను తనిఖీ చేయాలని 2005 నాటి చట్టం 17వ సెక్షన్‌లో రాసుకుంది. చాలా రాష్ట్రాలు ఆ మాటను కాగితం మీదే ఉంచేశాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే పని మొదలుపెట్టి, 2009లో ఇందుకోసం ప్రత్యేకంగా ఒక సొసైటీనే ఏర్పాటు చేసింది. కూలీల ఇళ్ల పిల్లలే శిక్షణ పొంది గడపగడపా తిరిగి, జాబ్ కార్డునూ మస్టరునూ పక్కపక్కన పెట్టి చూసేవారు. చివరికి మండల ప్రజావేదికలో, షామియానా కింద, అధికారులు అందరి ముందూ జవాబు చెప్పుకోవాల్సి వచ్చేది. ఆ కుర్రాళ్ల చేతిలో ఉన్నది కంప్యూటర్ తీసిన ప్రింటవుటే. అంటే సాంకేతికత మీద నాకు పేచీ లేదు. అది ఎవరిని చూస్తోంది, ఎవరికి చూపిస్తోంది అన్నదే తేల్చుకోవాలి.

2021లో కేంద్రం కూలీల హాజరు కోసం ఎన్‌ఎంఎంఎస్ యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి దాన్ని దాదాపు అన్ని పనులకూ తప్పనిసరి చేసింది. పని దగ్గరుండి చూసే మేట్ రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి ఎక్కించాలి. ఎండాకాలంలో తెల్లవారకముందే గడ్డపార పట్టి, తమ కొలత పూర్తి చేసుకున్న ఆడవాళ్లు కూడా రెండో ఫొటో కోసం చెట్టు నీడన కాచుకోవాలి. సిగ్నల్ లేకపోతే హాజరుకే ఎసరు. సర్కారును కూలీ నిలదీసే ఏర్పాటు పక్కకు పోయి, కూలీ మీద సర్కారు కన్నేసే ఏర్పాటు వచ్చింది.

పోనీ, దొంగతనమైనా ఆగిందా? 2025 జులైలో గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు లేఖ రాసింది: సంబంధం లేని ఫొటోలు ఎక్కిస్తున్నారు, ఫొటోకు ఫొటో తీసి హాజరు వేస్తున్నారు, ఫొటోలో ఉన్న తలలకూ మస్టరులో ఉన్న పేర్లకూ పొంతన లేదు! విరుగుడుగా, ఎక్కిన ఫొటోలను పంచాయతీ నుంచి రాష్ట్ర స్థాయి దాకా సిబ్బంది కూర్చుని సరిచూడాలన్నారు. మనుషులను నమ్మలేక తెచ్చిన యాప్‌కు మళ్లీ మనుషులే కాపలా. అందులోనూ ఊరివాళ్లకు చోటు లేదు.

అలాగని ప్రభుత్వాలు వాట్సాప్‌లో ధ్రువపత్రం ఇచ్చే సేవలను నేను తీసిపారేయను. ఆఫీసు చుట్టూ తిరిగే బాధ తప్పడం చిన్న విషయమా? కానీ ఫోన్‌లో ఫిర్యాదు చేస్తే ఒక నంబరు వస్తుంది, అంతే. పక్కింటామెదీ అదే గోడు అని మనకు తెలియదు. ప్రజావేదికలో ఒకరు లేస్తే వెనకాల పదిమంది లేచేవారు. అధికారి వెరిచేది ఆ పదిమందికే.

2025 డిసెంబరులో ఉపాధి హామీ స్థానంలో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. బయోమెట్రిక్, కృత్రిమ మేధ ఇప్పుడు చట్టంలోకే ఎక్కాయి. అంత దూరం పోయేముందు ఒక చవక పని చేసి చూడొచ్చు. ఏ రోజు ఫొటోలు ఆ రోజే ప్రింటు తీసి పంచాయతీ గోడకు అంటించాలి. మస్టరు చదవడానికి అక్షరాలు రావాలి. ముఖాలు గుర్తుపట్టడానికి ఆ ముసలమ్మకు ఏ చదువూ అక్కర్లేదు.