కిరాయి ఇల్లు – గీజర్ తగవు

చలికాలం వచ్చిందంటే మన బస్తీలలో ఒక తగవు ఏటేటా తిరిగి మొలకెత్తుతుంది. అది వేడినీళ్ల తగవు. ఫజ్ర్ నమాజుకు లేచిన కిరాయిదారు వుజూ కోసం, పిల్లల స్నానాల కోసం గీజర్ వేస్తాడు. కరెంటు బిల్లు వచ్చిన రోజున ఇంటి యజమాని వచ్చి తలుపు తడతాడు. మాటకు మాట పెరుగుతుంది. కొందరు యజమానులు గీజర్‌కు వెళ్లే ఫ్యూజు తీసివేస్తారు. కొందరు కిరాయిదారులు ఆ నెల కిరాయిలోంచి తమకు తోచినంత తగ్గించి ఇస్తారు. ఒకే గోడకు అటూ ఇటూ కాపురముండేవారు, మస్జిదులో ఒకే సఫ్‌లో భుజం భుజం కలిపి నిలబడేవారు, సలాం చెప్పుకోవడం కూడా మానుకుంటారు. హైదరాబాదు పాతబస్తీ నుంచి నిజామాబాద్, కరీంనగర్ దాకా ఈ కథ ఒక్కటే.

ఈ విషయంలో ఒక పక్షాన్ని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. కిరాయికి ఇచ్చేవారంతా ధనవంతులేమీ కారు. గల్ఫ్‌లో ఏళ్ల తరబడి చెమటోడ్చి రెండు గదులు పైన వేసుకున్నవారున్నారు. భర్త పోయిన తర్వాత ఆ ఒక్క పోర్షన్ కిరాయి మీదే బతుకుతున్న తల్లులున్నారు. బిల్లు అనుకోకుండా వెయ్యి రూపాయలు పెరిగితే వారి గుండె గుభేలుమంటుంది. మరోవైపు కిరాయిదారు ఇంట్లో కీళ్లనొప్పుల ముసలి తండ్రి ఉంటాడు, నెలల పసిబిడ్డ ఉంటుంది. పుష్యమాసపు చలిలో వారికి వేడినీరు విలాసం కాదు, అవసరం. ఇద్దరి బాధా నిజమే. అయితే ఇద్దరూ లెక్క తెలియకుండా పోట్లాడుకుంటున్నారనేదే మా ఆవేదన.

ముందుగా ఆ లెక్క చూద్దాం. చలికాలపు నీళ్లను ఇరవై డిగ్రీల నుంచి స్నానానికి సరిపడే నలభై రెండు డిగ్రీల దాకా వేడిచేయడానికి, ఇరవై లీటర్ల బకెట్‌కు సుమారు అర యూనిట్ కరెంటు పడుతుంది. ఐదుగురున్న ఇంట్లో రోజుకు ఐదు బకెట్లు అనుకుంటే రెండున్నర యూనిట్లు, నెలకు 75 యూనిట్లు. "గీజర్ పొద్దస్తమానం వేసి ఉంచుతున్నారు" అని యజమాని కోపగించుకుంటాడు. నీళ్లు వేడెక్కగానే థర్మోస్టాట్ కరెంటును దానంతటదే ఆపేస్తుంది. ఇళ్లలో వాడే చిన్న ట్యాంకు బాగా ఉంటే, ఊరికే వేసి ఉంచడం వల్ల వృథా అయ్యేది సాధారణంగా రోజుకు ఒక యూనిట్ లోపే. నెల మొత్తం మీద అదీ చిన్నది కాదు గనుక పని కాగానే స్విచ్చి తీసివేయడమే మంచిది. కాని బిల్లును ప్రధానంగా నిర్ణయించేది ఎన్ని గంటలు వేశారన్నది కాదు, ఎన్ని బకెట్లు వాడారన్నది.

మరి బిల్లు అంతగా ఎందుకు పేలుతుంది? చాలా ఇళ్లలో దీనికి అసలు కారణం గీజర్ కాదు, రెండు కాపురాలకు ఒకే మీటర్ ఉండటం. తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన టారిఫ్‌ను ఉదాహరణగా తీసుకుందాం. నెలకు 150 యూనిట్లు వాడే కుటుంబానికి మొదటి వంద యూనిట్లు 3.40 రూపాయల చొప్పున, మిగిలిన యాభై 4.80 చొప్పున, ఇతర చార్జీలు పోను 580 రూపాయలు అవుతుంది. విడివిడి మీటర్లున్న రెండు కుటుంబాలకు కలిపి 1,160 రూపాయలు. అదే రెండు కుటుంబాలు ఒకే మీటర్ మీద 300 యూనిట్లు వాడితే మొదటి రెండు వందలకు 5.10 చొప్పున, పై వందకు 7.70 చొప్పున మొత్తం 1,790 రూపాయలు కట్టాలి. కరెంటు అంతే, మనుషులు అంతే, బిల్లు మాత్రం 630 రూపాయలు ఎక్కువ.

ఇంతటితో ఆగలేదు. 2024 మార్చి నుంచి తెలంగాణలో గృహజ్యోతి పథకం కింద అర్హత గల కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు బిల్లు లేదు. అర్హత ఉంటే కిరాయిదారులకూ ఇది వర్తిస్తుంది. కాని వాడకం 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. పైన చెప్పిన రెండు కుటుంబాలూ అర్హులైతే, విడివిడి మీటర్లున్నప్పుడు ఇద్దరికీ సున్నా బిల్లు వచ్చేది. ఒకే మీటర్ ఉండటం వల్ల ఇద్దరూ నష్టపోతున్నారు. పైగా ఆ నష్టానికి ఒకరినొకరు నిందించుకుంటున్నారు. విడి మీటర్‌కు ఒకసారి అయ్యే ఖర్చు చూసి వెనుకాడేవారు ప్రతి నెలా పోతున్న సొమ్మును కూడా లెక్కించుకోవాలి.

ఇక గీజర్ వద్దని కట్టడి చేసే యజమానులకు ఒక ముఖ్యమైన మాట. గీజర్ ఆపినంత మాత్రాన కిరాయిదారు చన్నీళ్లతో సరిపెట్టుకోడు. బజారుకు వెళ్లి హీటర్ కడ్డీ ఒకటి కొని తెచ్చి బకెట్‌లో వేలాడదీస్తాడు. బకెట్ నీళ్లకు అదీ దాదాపు ఆ అర యూనిటే తింటుంది. యజమానికి ఒక్క పైసా మిగలదు. ప్రాణాపాయం మాత్రం పెరుగుతుంది. తడి నేల, తడి చేతులు, వదులైన ప్లగ్గు, చుట్టూ తిరిగే పసిపిల్లలు! కడ్డీ స్విచ్చి తీయకుండానే నీళ్లు వేడెక్కాయా లేదా అని వేలు పెట్టి చూసే అలవాటు ఎందరికి లేదు? గీజర్ ఉన్నచోట కూడా ఎర్తింగ్ సరిగా లేకపోతే ప్రమాదం ప్రమాదమే. మంచి ఎర్తింగ్, గీజర్‌కు తగిన 16 ఆంపియర్ల సాకెట్, లీకేజీ వస్తే వెంటనే కరెంటు కోసేసే బ్రేకర్ – ఈ మూడింటి మీద పెట్టే ఖర్చు గురించి బేరమాడకూడదు. బిల్లు పంచుకోవచ్చు, పోయిన ప్రాణాన్ని ఎవరు తెచ్చిస్తారు?

మరమ్మతు దగ్గర రెండో తగవు మొదలవుతుంది. "నువ్వే పాడు చేశావు" అని యజమాని అంటాడు. "పాతది బిగించి ఇచ్చావు" అని కిరాయిదారు అంటాడు. చాలాసార్లు దోషం ఇద్దరిదీ కాదు. మన బోరు నీళ్లలోని సున్నం కాయిల్ మీద పొరలు పొరలుగా పేరుకొని దాన్ని మెల్లగా పాడుచేస్తుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలకు నమూనాగా ఇచ్చిన అద్దె చట్టం, వేరే ఒప్పందం లేనప్పుడు గీజర్ మరమ్మతును కిరాయిదారు బాధ్యతల జాబితాలో చేర్చింది. ఇంటి వైరింగును, పైపుల మార్పును యజమాని వంతు చేసింది. నీళ్లు, కరెంటు వంటి అవసరాలను యజమాని నిలిపివేయరాదని కూడా చెప్పింది. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రం స్వీకరిస్తేనే చట్టమవుతుంది. అయితే మన రాష్ట్రంలోని 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం కూడా, అది వర్తించే ఇళ్లలో, తగిన కారణం లేకుండా కిరాయిదారు సౌకర్యాలను కత్తిరించడానికి యజమానికి అధికారం ఇవ్వలేదు. ఫ్యూజు తీసేసేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

షరీఅత్ దృష్టిలో కూడా ఇది చిన్న విషయం కాదు. కిరాయి ఒప్పందాన్ని ఫిఖ్‌హ్ పండితులు 'ఇజారా' అన్నారు. కిరాయిదారు డబ్బిచ్చి కొనుక్కునేది ఇంటిని కాదు, ఇంటి వల్ల కలిగే ప్రయోజనాన్ని. ఆ ఇల్లు, అందులోని వస్తువులు అతని చేతిలో అమానత్. మామూలు వాడకంలో అరిగిపోయినదానికి అతను జవాబుదారీ కాడు. నిర్లక్ష్యం వల్ల, హద్దు మీరడం వల్ల పాడైనదానికి తప్పక జవాబుదారీ. అలాగే కిరాయి ఎంత, దేనికి, ఎంతకాలం అన్నది ఇరుపక్షాలకూ స్పష్టంగా తెలిసి ఉండాలని పండితులు షరతు పెట్టారు. ఎందుకంటే అస్పష్టతే తగవులకు తల్లి. దివ్యఖుర్‌ఆన్‌లోని అతి పొడవైన ఆయత్ నమాజు గురించో, ఉపవాసం గురించో కాదు, అప్పు లావాదేవీని వ్రాసుకోవడం గురించి అన్న సంగతి మనలో ఎందరికి గుర్తుంది? మనమేమో "మనవాళ్లే కదా, కాగితం ఎందుకు" అంటూ నోటిమాటతో ఇల్లు ఇస్తాం. ఆ తర్వాత మనవాళ్లతోనే మాటలు మానుకుంటాం.

కనుక ఇల్లు ఇచ్చేవారికీ, తీసుకునేవారికీ మేము కోరేది ఒక్కటే. అడ్వాన్స్ చేతులు మారకముందే నాలుగు విషయాలు కాగితం మీద పెట్టండి. కరెంటుకు విడి మీటరా, సబ్ మీటరా? సబ్ మీటర్ అయితే బిల్లు మొత్తాన్ని మొత్తం యూనిట్లతో భాగించి, ఎవరి యూనిట్లకు వారు కట్టండి. పై స్లాబు భారాన్నంతా కిరాయిదారు నెత్తిన వేయడం న్యాయం కాదు. రెండోది, గీజర్ ఎవరిది, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది? మూడోది, చెడిపోతే చిన్న మరమ్మతు ఎవరు చేయించాలి, పూర్తిగా పోతే క్రొత్తది ఎవరు కొనాలి? నాలుగోది, కిరాయిదారు తన సొంత గీజర్ బిగించుకుంటే వెళ్లేటప్పుడు దాన్ని తీసుకువెళ్లవచ్చా, గోడ రంధ్రాలు ఎవరు పూడ్చాలి? ఇరుపక్షాల సంతకాలు, ఇద్దరు సాక్షులు ఉంటే చాలు. ఇప్పటికే కాపురముంటున్నవారు కూడా ఈ నెలే కూర్చొని వ్రాసుకోవచ్చు. లెక్క కుదరకపోతే మొహల్లా పెద్దలు, మస్జిద్ కమిటీవారు చొరవ తీసుకొని ఇద్దరినీ కూర్చోబెట్టాలి.

లెక్కలో ఖచ్చితంగా ఉండండి, మనసులో ఉదారంగా ఉండండి. బాలింత ఉన్న ఇంట్లో ఒక నెల పది యూనిట్లు ఎక్కువైతే చూసీచూడనట్లు పోవడం యజమానికి శోభ. వృథాగా ఒక్క బకెట్ కూడా వంపకపోవడం కిరాయిదారుకు శోభ. గీజర్ నేడో రేపో తుప్పు పట్టిపోయేదే. గోడ పక్క సలాం మాత్రం తెగిపోకుండా చూసుకోవాలి.