అర అంగుళానికి అడుగు

"కార్ల బొమ్మలు చేసుకోవడం కూడా ఒక విద్యేనా నాయనా?" అని అడిగేవాళ్ళు మనలో చాలామంది వున్నారు. స్టాఫ్ రూములో వున్నారు, హాస్టలు మెస్సులో వున్నారు, మోపిదేవిలో మా వీధి అరుగుల మీదా వున్నారు. అడగడంలో తప్పులేదు. డిగ్రీ పూర్తి కావస్తున్న కుర్రాడు హవాయి చెప్పు ముక్కనీ, ఖాళీ రీఫిల్లునీ ముందు పెట్టుకుని రాత్రి పన్నెండింటిదాకా కూచుంటే యెవరికైనా అనుమానం రావలసిందే. కాని "బొమ్మలు" అన్న ఆ మాటని వాళ్ళు పలికే తీరు వుంది చూశారూ, దానితోనే నా పేచీ. ఆ పేచీ తీర్చుకోడానికి మన విద్యార్థి సంఘం యీ సంచికలో నాలుగు పేజీలు చోటిచ్చింది గనక మొహమాటం లేకుండా వాడుకుంటున్నాను.

నేను చేసేవి పాతకాలపు డ్రాగ్ రేసు కార్ల నమూనాలు. డ్రాగ్ రేసంటే వంపులూ మలుపులూ లేని పందెం. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. దీపం పచ్చబడగానే లంఘిస్తాయి. పావు మైలు, అంటే 1,320 అడుగులు, యెవరు ముందు దాటితే వాళ్ళది గెలుపు. మన ప్రాంతంవాళ్ళకి దీన్ని వివరించడం తేలిక. సంక్రాంతి రోజుల్లో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు చూడనివాళ్ళు కృష్ణాజిల్లాలో అరుదు గదా! అక్కడ కాలం ఖాయం. ఆ కాలంలో బండ యెన్ని అడుగులు కదిలిందో కొలుస్తారు. యిక్కడ దూరం ఖాయం, కాలాన్ని కొలుస్తారు. లెక్క తిరగబడింది గాని చిక్కు మాత్రం ఒకటే. బలం వుంటే చాలదు, ఆ బలం నేలకి అందాలి. గిట్ట జారితే యెంత మేలుజాతి గిత్త అయినా బండ కదలదు. చక్రం జారితే యెంత పెద్ద యింజనైనా పొగే మిగులుతుంది. పాలపళ్ళు, రెండు పళ్ళు, నాలుగు పళ్ళు అని మనవాళ్ళు గిత్తల్ని తరగతులుగా విడదీసినట్టే, వాళ్ళూ యింజన్నిబట్టీ యింధనాన్నిబట్టీ బరువునిబట్టీ బండ్లని విడదీస్తారు.

యీ పందెం అమెరికాలో కాలిఫోర్నియా కుర్రాళ్ళ చేతుల్లో పెరిగింది. మొదట యెండిపోయిన సరస్సుల మైదానాల మీద, రెండో ప్రపంచయుద్ధం తర్వాత పని తగ్గిన విమానాల పట్టీల మీద. 1951లో వాలీ పార్క్స్ అనే ఆయన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి, వీధుల్లో ప్రాణాలమీదికి తెస్తున్న ఆటకి ఒక కొలతా కట్టుబాటూ తెచ్చాడు. (మనకి దగ్గర్లో మద్రాసు అవతల షోలవరంలోనూ యుద్ధకాలపు విమానాల పట్టీ మీదే దశాబ్దాలపాటు మోటారు పందాలు నడిచాయి. ప్రపంచంలో యెక్కడైనా కుర్రాళ్ళకి ఖాళీ రన్‌వే కనపడితే ఒకటే ఆలోచన వస్తుంది కాబోలు!) 2008లో స్కాట్ కలిట్టా అనే పందెగాడు చనిపోయాక, నైట్రోమీథేన్ తాగి పరుగెత్తే పెద్ద బండ్లకి దూరం 1,000 అడుగులకి తగ్గించారు. అంచేత పావు మైలూ పూర్తిగా పరుగెత్తిన ఆ తరహా బండ్లు యిప్పుడు చరిత్రలోకి వెళ్ళిపోయినట్టే. నాకు కావలసినవి అవే.

వాటిల్లో ఒక తరహాకి "స్లింగ్‌షాట్" అని పేరు. మనం ఉండేలు అంటామే, అది. యింజను ముందు, దాని వెనక యిరుసు, యిరుసుకీ వెనక నడిపేవాడు. ఉండేలు తోలులో రాయి కూచున్నట్టు కూచుంటాడు. బరువంతా వెనక చక్రాలమీద పడాలని అలా చేశారు. సరుకు కాస్త వెనక్కి వేస్తే కాడి పైకి లేస్తుందని మన బండివాడికి తెలియదా? "వెనక మొగ్గింది, రెండు బస్తాలు ముందుకు జరపరా" అంటాడు. డ్రాగ్ బండివాళ్ళదీ అదే గొడవ. ముందు చక్రాలు పైకి లేవకుండా వుండాలని బండిని పొడుగ్గా, యింకా పొడుగ్గా సాగదీసుకుంటూ పోయారు.

ఫ్లారిడాకి చెందిన డాన్ గార్లిట్స్ తన బండ్లన్నిటికీ "స్వాంప్ ర్యాట్" అని పేరు పెట్టుకున్నాడు. చిత్తడినేల యెలుక అన్నమాట. దివిసీమవాళ్ళకి చిత్తడీ కొత్తకాదు, యెలుకా కొత్తకాదు! 1970 మార్చి 8న కాలిఫోర్నియాలో పందెం మొదలైన క్షణంలోనే ఆయన కాళ్ళ మధ్య వున్న గేరుపెట్టె పేలింది. బండి రెండు ముక్కలైంది. కుడిపాదంలో కొంతభాగం పోయింది. ఆసుపత్రి మంచంమీద ఆయన ఆలోచించింది ఒకటే: పేలే సరుకు మనిషి ముందెందుకుండాలి, వెనకెందుకుండకూడదు? 1971లో యింజను వెనక్కి పెట్టిన బండితో వచ్చి గెలిచాడు. కొద్ది యేళ్ళలో ముందు యింజను బండ్లు ఆ తరగతిలో లేకుండాపోయాయి. ఆయన ముప్ఫయ్యో "యెలుక" 1987 నుంచి అమెరికాలో స్మిత్సోనియన్ ప్రదర్శనశాల సొత్తు. నమూనా చేసేవాడికి యిదంతా పుక్కిటి పురాణం కాదు. బండి యే సంవత్సరానిదో తెలియకపోతే యింజను యెక్కడ పెట్టాలో తెలియదు. చరిత్ర పాఠానికి యింతకంటే కచ్చితమైన పరీక్షాపత్రం నేను చూడలేదు.

యిక లెక్క సంగతి. నేను పనిచేసే కొలత 24కి 1. అంటే అర అంగుళానికి అడుగు. వడ్రంగి బద్ద వున్న యే యింట్లోనైనా యీ పని చెయ్యొచ్చు. అమెరికాలో ఎ.ఎం.టి. కంపెనీ 1940ల చివర కార్ల డీలర్లకోసం చిన్న నమూనాలు చేసినప్పుడు 25కి 1 పట్టుకుంది. మోనోగ్రామ్ వంటివాళ్ళు 24 పట్టుకున్నారు. రెండూ ఒకే బల్లమీద పెడితే తేడా తెలిసే కన్ను తెలుస్తుంది. చక్రానికీ చక్రానికీ మధ్య 200 అంగుళాలున్న బండి నా బల్లమీద యెనిమిది అంగుళాల చిల్లర. పొడవు 24 రెట్లు తగ్గితే బరువూ 24 రెట్లే తగ్గుతుందనుకుంటారు చాలామంది. కాదు, 13,824 రెట్లు తగ్గుతుంది. 600 కిలోల బండిని అవే లోహాలతో యథాతథంగా చేస్తే 43 గ్రాములు తూగాలి! ఘనం అంటే యేమిటో నాకు తొమ్మిదో తరగతిలో అర్థమైందనుకున్నాను గాని, యీ 43 గ్రాముల దగ్గరే అర్థమైంది. రంగు సంగతి యింకా చోద్యం. నోటుపుస్తకం కాగితమంత మందాన రంగు పూశామనుకోండి, అసలు బండిమీద రెండు మిల్లీమీటర్లకు పైగా మెత్తినట్టు లెక్క. అందుకే బ్రష్షుతో పూసిన నమూనా యెంత బాగా చేసినా సున్నం కొట్టిన గోడలా కనపడుతుంది. పల్చగా, ఆరబెట్టుకుంటూ, మళ్ళీ పల్చగా చల్లుకోవాలి.

సామాను యెక్కడిది అంటారా? విదేశీ కిట్లు దొరుకుతాయి. ధర, సుంకం, పోస్టేజీ కలిపితే నెల మెస్ బిల్లు దాటుతుంది. కిట్ అంటే నాకు అసూయ లేదు. ఒకటి చేతికొస్తే భాగాల పొందిక నేర్చుకోడానికి మంచిదే. కాని కిట్టులో ముక్కలు విరిచి జిగురు పెట్టడం వేరు, లేనిదాన్ని పుట్టించడం వేరు. ఒకటింపావు అంగుళం ఉక్కుగొట్టాల చట్రం కావాలనుకోండి. 24తో భాగిస్తే 1.3 మిల్లీమీటర్లు. అగరొత్తి పుల్ల దాదాపు సరిగ్గా అంతే! మా వూళ్ళో సుబ్రహ్మణ్యేశ్వరస్వామి దయవల్ల అగరొత్తి పుల్లలకి కొరత లేదు. యింజనుకి యెనిమిది పొగగొట్టాలు కావాలి, ఖాళీ బాల్‌పెన్ రీఫిల్లుని కొవ్వొత్తి సెగకి చూపించి వంచితే తయారు. ముందు చక్రాలు సైకిలు చక్రాల్లాంటి సన్ననివి, రాగి తీగతో ఆకులు అల్లుకోవాలి. వెనక టైర్లు నున్నవి, గాళ్ళు లేనివి, వెడల్పైనవి. వాటికి హవాయి చెప్పుని మించిన సరుకు లేదు. గొట్టంతో గుండ్రంగా కోసి, బోల్టుకి యెక్కించి, డ్రిల్లులో తిప్పుతూ గరుకుకాగితం పెడితే టైరు. చిన్నప్పుడు చెప్పుముక్కల చక్రాలతో, తాటిబుర్రలతో బండి చేసుకోనివాళ్ళు మనలో యెవరున్నారు? నేను చేసేది దానికి కొలబద్ద తగిలించడమే. సందుల్లో నింపడానికి పుట్టీ కూడా కొనక్కర్లేదు. కొండపల్లి బొమ్మల పనివారు చింతగింజల పొడీ రంపపుపొట్టూ కలిపి మక్కు చేస్తారు. తెల్లపొణికి కర్ర ముక్కల్ని అతికేదీ, ముక్కూ చెవులూ తీర్చేదీ దానితోనే. నా బండ్ల ముక్కులూ దానితోనే తీర్చాను. గట్టిపడ్డాక చక్కగా అరుగుతుంది.

"అంతా బాగానే వుంది, అమెరికావాడి బండి నీకెందుకోయ్?" అనేది రెండో ప్రశ్న. యీ ప్రశ్న వేసేవాళ్ళని నేను గౌరవిస్తాను. నా జవాబు రెండు ముక్కలు. ఒకటి, ఆ బండ్లని యింట్లో షెడ్డులో సామాన్యులే తయారుచేసుకున్నారు. కంపెనీలు పోసిన పోతలు కావు. అందువల్ల చూసినవాడికి యే గొట్టం యెందుకుందో అర్థమవుతుంది. అందులో బొమ్మకీ బండికీ చుట్టరికం కూడా వుంది. 1970లో డాన్ ప్రుధోమ్, టామ్ మెక్‌యువెన్ అనే యిద్దరు పందెగాళ్ళకి డబ్బు పెట్టింది మాటెల్ అనే బొమ్మల కంపెనీ. బుల్లి కార్లు అమ్ముడుపోవడానికి పెద్ద కార్లు పరుగెత్తాయి! ఒకడి ముద్దుపేరు పాము, రెండోవాడిది ముంగిస. (మా మోపిదేవిలో యెవరి పక్షమో చెప్పక్కర్లేదు.) షర్లీ మల్డౌనీ అనే ఆవిడ 1977, 1980, 1982 సంవత్సరాల్లో అత్యున్నత తరగతిలో చాంపియన్ అయింది. కాబట్టి యిది మగపిల్లల ఆట అని మన సోదరీమణులు తప్పుకోనక్కర్లేదు. హైదరాబాదులో సుధాకర్‌గారు బర్గరు ఆకారంలో, కెమెరా ఆకారంలో నడిచే కార్లు చేసి మ్యూజియమే పెట్టారు. 2005లో ఆయన చేసిన మూడుచక్రాల సైకిలు 41 అడుగుల 7 అంగుళాల యెత్తుతో గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఆయన చిన్నదాన్ని పెద్ద చేస్తారు, మేం పెద్దదాన్ని చిన్న చేస్తాం. లెక్క యిద్దరికీ తప్పదు.

రెండో ముక్క నాకు ముఖ్యమైంది. ఆ అమెరికా బండ్ల కొలతలు దొరుకుతాయి. ఫొటోలున్నాయి, పటాలున్నాయి, బతికున్న బండ్లు ప్రదర్శనశాలల్లో వున్నాయి. మన బండ్లకి యేవీ? 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయ్యాక మన కాలవల్లో పడవలు తిరిగాయి. లాకులు దాటుకుంటూ, గట్టుమీంచి మనుషులు తాడుతో లాగుతూ బందరుదాకా సరుకూ జనమూ వచ్చేవి. ఆ పడవ పొడవెంత? అడుగుభాగం చదునా, గుండ్రమా? తాడు యెక్కడ కట్టేవారు? యుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై బొగ్గు గ్యాసుతో బస్సులు నడిచాయని తాతలు చెబుతారు. ఆ బొగ్గు డబ్బా వెనక యెలా బిగించేవారు? జట్కాకీ గూడుబండికీ చక్రం కొలత ఒకటేనా? 1977 నవంబరు 19 ఉప్పెనలో దివిసీమలో వేలమంది పోయారు. ఆ దుఃఖం పక్కన బండీ పడవా లెక్కలోకి వచ్చేవి కావు, నిజమే. కాని వాటితోపాటు వాటిని చేసే చేతులూ కొన్ని పోయాయి, కాగితంమీద యెవరూ గీసి పెట్టుకోలేదు. పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే వారి చేతుల్లో, చిలకలపూడి రోల్డుగోల్డు పనివారి చేతుల్లో వెంట్రుకవాసి కొలత యీనాటికీ వుంది. చదువుకున్న మన చేతుల్లోనే లేదు.

యిక్కడ కాస్త కటువుగా రాస్తాను, సంపాదకవర్గం కత్తిరించకుండా వుండాలి. మన తోటివాళ్ళలో యెంతమంది ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు సొంతంగా చేస్తున్నారు? పట్నంలో దుకాణాలున్నాయి. డబ్బు కడితే నమూనా, రిపోర్టు, స్పైరల్ బైండింగుతో సహా యిస్తారు. వైవాలో అడిగే ప్రశ్నలూ జవాబులూ అదనం. నాకు తెలిసిన ఒకచోట సొంతంగా చేసిన నమూనాకి "ఫినిషింగ్ లేదు" అని తక్కువ మార్కులూ, కొన్నదానికి యెక్కువ మార్కులూ పడ్డాయి. రంగు మెరుపు చూసి మార్కులేసే చోట కుర్రాడు దుకాణానికి పోక యేం చేస్తాడు? కొన్న ప్రాజెక్టుకి మార్కులిచ్చే మనం, హవాయి చెప్పుతో టైరు చేసేవాణ్ణి చూసి "బొమ్మలాడుకుంటున్నాడు" అంటాం.

అందుకని సంఘం ముందు ఒక కోరిక పెడుతున్నాను. వార్షికోత్సవంలో ముగ్గులకీ అంత్యాక్షరికీ బహుమతులున్నాయి, వుండనివ్వండి. నమూనాలకీ ఒక పోటీ పెట్టండి. షరతు ఒకటే: నమూనా పక్కన కొలతల కాగితం వుండాలి, దాన్ని చేసినవాడు చేత్తో గీసి వుండాలి. మెరుపుకి మార్కుల్లేవు. కారే కానక్కర్లేదు; నాటు పడవ, గుర్రబ్బండి, పాత ఆర్టీసీ బస్సు, గూడుబండి, యేదైనా సరే. సాయంత్రం వర్క్‌షాపుకి తాళం వెయ్యకుండా రెండు గంటలు తెరిచి వుంచితే చాలు, సామాను మేం తెచ్చుకుంటాం.

ముందుగా నేనే మొదలుపెడుతున్నాను. మా వైపు ఒక పల్లెలో పశువులకొట్టం వెనక పాత గూడుబండి వొకటి వుంది. గూడు సగం రాలింది, ఒక నొగ చెదలు తింది, చక్రాలు మాత్రం సీలలతో సహా నిలబడి వున్నాయి. ఆ యింటి పెద్దాయన వచ్చే వేసవిలో దాన్ని వంటచెరుకు కింద కొట్టించేస్తానంటున్నారు. యిరుసు పొడవు, ఆకుల లెక్క, యినప పట్టా వెడల్పు, గూడు వంపు, అన్నీ సంక్రాంతి సెలవుల్లో కొలిచి గీసుకోవాలి. టేపు రెండో కొస పట్టుకోడానికి ఒక మనిషి కావాలి. యిష్టమున్నవాళ్ళు నాతో చెప్పండి. అవనిగడ్డ బస్సెక్కి మోపిదేవిలో దిగితే చాలు.