ఆటకు చలికాలం, కూలికి ఎండాకాలం

ప్రపంచ ఫుట్‌బాల్ కప్పు పోటీలు మామూలుగా జూన్, జూలై నెలల్లో జరుగుతాయి. 2022లో ఖతార్‌లో మాత్రం నవంబరు 20న మొదలుపెట్టి డిసెంబరు 18న ముగించారు. కారణం ఎండ. అక్కడి వేసవిలో ఆడితే ఆటగాళ్ల ప్రాణానికి ముప్పని తేదీలు మార్చారు. మంచిదే, ఆటగాడూ మనిషే. కాని ఏడు కొత్త స్టేడియాలు, వాటికి రోడ్లు, మెట్రో, హోటళ్లు కట్టిన కూలీల కోసం ఏ తేదీ మారింది? వాళ్లు ఏటేటా ఆ వేసవిలోనే కాంక్రీటు మోశారు. మధ్యాహ్నం కొద్దిసేపు పని ఆపాలన్న నియమం ఒకటి ఉండేది. దాన్ని పొద్దున 10 నుంచి సాయంత్రం మూడున్నర దాకా పెంచింది 2021లో. అంటే 2010లో పోటీలు ఖతార్‌కు ఖాయమైన పదేళ్ల తర్వాత, స్టేడియాల పని చాలావరకు అయిపోయాక!

ఇది మనకు పరాయి సంగతి కాదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి పల్లెల్లో ఏ గల్ఫ్ దేశం పోయినా ‘దుబాయి పోయిండు’ అంటాం. బోరు ఎండి, కూలి దొరక్క, ఏజెంటు చేతిలో మిత్తికి తెచ్చిన పైసలు పోసి పోయినోళ్లే అందరూ.

ఎంతమంది చనిపోయారు? 2010 చివర నుంచి పదేళ్లలో ఖతార్‌లో భారత్, నేపాల్, బంగ్లాదేశ్, పాకిస్తాన్, శ్రీలంకలకు చెందినవారు 6,500 మందికి పైగా మరణించారని బ్రిటన్ పత్రిక గార్డియన్ 2021 ఫిబ్రవరిలో రాసింది. అందులో భారతీయులు 2,711. వీరంతా స్టేడియం పనివారే కారు, ఆ మాట దాచడం మనకు తగదు. నిర్వాహకులు మాత్రం స్టేడియాల్లో పని కారణంగా చనిపోయింది ముగ్గురే అన్నారు. 2022 నవంబరులో ఆ సంస్థ అధిపతే పోటీలకు సంబంధించిన పనులన్నిటిలో 400 నుంచి 500 మంది దాకా అన్నాడు. మూడు నుంచి అయిదు వందల దాకా సాగే లెక్క ఎక్కడైనా ఉంటుందా? కూలి మస్టరు ఇట్లా రాస్తే మన మేస్త్రీని ఊరుకుంటామా?

భారతీయుల మరణాల్లో నూటికి 80 ‘సహజ మరణాలు’గా రాశారు. గుండె ఆగింది, శ్వాస ఆగింది, అంతే. గుండె ఆగకుండా చచ్చేవాడెవడు? ముప్పై ఏండ్లోనికి సహజమేందని తల్లులు అడుగుతున్నారు. సహజమని రాస్తే పనిలో చావు కాదు. పనిలో చావు కాకపోతే పరిహారం లేదు. మిత్తి మాత్రం ఆగదు.

ఇదే పోటీలను ‘కర్బన తటస్థం’ అని ప్రచారం చేశారు. అనగా వదిలిన పొగకు సరిపడా మరోచోట తగ్గించామని లెక్క. తాము వదిలేది 36 లక్షల టన్నులని వాళ్లే అంచనా వేసుకున్నారు. ఎడారిలో సముద్రపు నీళ్లకు ఉప్పు తీసి, ఆటకు పచ్చిక పెంచారు. ఆ ప్రచారానికి రుజువు లేదని, అది జనాన్ని తప్పుదారి పట్టించిందని 2023 జూన్‌లో స్విట్జర్లాండ్‌లోని ప్రకటనల పర్యవేక్షక సంఘం తేల్చింది. ఎండను పెంచే పొగ లెక్కా దొంగదే, ఆ ఎండలో కూలినవాడి లెక్కా దొంగదే. రెండూ రాసింది ఒకటే చెయ్యి.

మార్పులు రాలేదని కాదు. యజమాని అనుమతి లేకుండా పని మారవచ్చని 2020లో చట్టం వచ్చింది, 2021 నుంచి 1,000 రియాళ్ల కనీస వేతనం అమలైంది. ఇవి దయతో రాలేదు. 2014లో అంతర్జాతీయ కార్మిక మహాసభలో కార్మిక ప్రతినిధులు ఫిర్యాదు పెట్టి, వెంటపడితే వచ్చాయి.

బహుమతుల కింద పంచే 44 కోట్ల డాలర్లకు సమానమైన మొత్తాన్ని నష్టపోయిన కార్మికులకు కేటాయించాలని 2022లో మానవ హక్కుల సంఘాలు అడిగాయి. 2024 నవంబరులో ఫిఫా 5 కోట్ల డాలర్ల నిధి ప్రకటించి ఆరోగ్యం, శరణార్థులు, వాణిజ్యం పనులు చూసే అంతర్జాతీయ సంస్థలకు ఇచ్చింది. చనిపోయినవారి ఇండ్లకు అందులో వాటా లేదు. గల్ఫ్ కార్మికుల సంఘాలు ఏళ్ల తరబడి అడగ్గా 2024లో తెలంగాణ ప్రభుత్వం మృతుల కుటుంబాలకు 5 లక్షల సాయం ప్రకటించింది. కావలసిందే. కాని స్టేడియం కట్టించుకున్నవాడి బాకీ మన ఖజానా ఎందుకు తీర్చాలి?

2034 కప్పును సౌదీ అరేబియాకు ఇచ్చేశారు. మళ్లీ స్టేడియాలు, మళ్లీ మన పిల్లలే. పోస్టుమార్టం చేసి చావుకు అసలు కారణం రాయాలని, పని చేయించుకున్నవాడే పరిహారం కట్టాలని ఢిల్లీ ప్రభుత్వం ఇప్పుడే సౌదీతో ఒప్పందం రాయించుకోవాలి. ఈలోగా మన ఊళ్ల నుంచి పోయేవారి కాంట్రాక్టు, పాస్‌పోర్టు, వైద్య పరీక్ష కాగితాల నకళ్లు ఇంట్లో ఒకటి, సంఘం ఆఫీసులో ఒకటి పెట్టించండి. విమానం ఎక్కకముందే.