షోలవరం రన్‌వే, లె మాన్ రాత్రులు

నెల్లూరు నుంచి చెన్నై వెళ్లే బస్సు షోలవరం మీదుగానే పోతుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి అక్కడి రన్‌వే మీద మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ దశాబ్దాలపాటు రేసులు నడిపింది.

ఆ రోజుల్లో ప్రపంచస్థాయిలో, గంటల తరబడి సాగే ఓర్పు కారు పందేలకు ఇటలీయే రాజు. ఫెరారీ 1960 నుంచి 1965 దాకా లె మాన్ 24 గంటల రేసును వరసగా ఆరుసార్లు గెలిచింది. 1963లో నెగ్గిన 250పి కారులో ఇంజిన్ డ్రైవరు వెనక ఉండేది. దాన్ని నడిపిన డ్రైవర్లు బాండీని, స్కార్ఫియోట్టీ ఇద్దరూ ఇటలీవాళ్లే. 1973తో లె మాన్ అగ్రశ్రేణికి సొంత జట్టును పంపడం మానేసిన ఫెరారీ, యాభై ఏళ్ల తర్వాత 2023లో 499పి కారుతో అక్కడికి వచ్చీరాగానే మళ్లీ గెలిచింది.

అదే ఏడాది మన హైదరాబాద్‌లో జరిగిన ‘ఫార్ములా-ఇ’ విద్యుత్ కార్ల రేసు గంటలోపే ముగిసింది. మరుసటి ఏడాది అక్కడ ఆ రేసే లేదు!

ఇక ఆ నెల్లూరు-చెన్నై తీరంలోనే, తడ దగ్గర శ్రీసిటీలో ఇసుజు వాహనాలు తయారవుతున్నాయి. ఒక్కపూట హంగామాకన్నా, రాత్రంతా బండిని నిలబెట్టే మెకానిక్కులను తయారుచేసే రేసు ఈ తీరానికి కావాలి.