అమ్ముకున్న సెలవులు

పదవీ విరమణ చేసి కొన్నేళ్ళు గడిచినా ఇరుగుపొరుగువారు, పాత రోగులు రిపోర్టులు పట్టుకొని మా ఇంటికి వస్తూనే ఉన్నారు. క్రిందటి నెలలో వచ్చినవారిలో ఒకరు ఉక్కు కర్మాగారంలో ఇరవై ఆరేళ్ళుగా షిఫ్టు డ్యూటీలు చేస్తున్న వ్యక్తి. రక్తపోటు 160/100. నిద్ర సరిగా పట్టదు, ఛాతీలో మంట. మందుల సంగతి చూసిన తరువాత, వరుసగా పది రోజులు సెలవు పెట్టి చివరిసారి ఎప్పుడు ఊరు విడిచి వెళ్ళారని అడిగాను. ఆయన నవ్వి, "నా పెళ్ళికండీ డాక్టరు గారూ" అన్నారు. ఖాతాలో ఎన్ని సెలవులు ఉన్నాయని అడిగితే రెండు వందల డెబ్భై అన్నారు. మూడు వందలు నిండితే రిటైరయ్యేనాడు డబ్బుగా వస్తాయి కదా అని ఆయన లెక్క.

ఆయనను మందలించే అర్హత నాకు లేదు. ప్రభుత్వ వైద్యుడిగా ముప్పై మూడేళ్ళ కొలువులో నేను వరుసగా నాలుగు రోజులకు మించి విహారానికి వెళ్ళింది లేదు. ఏటా పదిహేను రోజులు సరెండర్ చేసుకున్నాను. మిగిలినవి కూడబెట్టి విరమణనాడు అమ్ముకున్నాను. ఆ డబ్బుతో ఇంటిపైన ఒక అంతస్తు వేశాము. ఆ మెట్లు ఎక్కడానికి ఇప్పుడు నా శ్రీమతి మోకాళ్ళు అంగీకరించవు.

పోర్టు, ఉక్కు కర్మాగారం, నౌకా నిర్మాణ కేంద్రం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న ఈ నగరంలో సెలవు అంటే దాచుకునే సొమ్ము అని స్థిరపడిపోయింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఇరవై రోజుల పనికి ఒక రోజు చొప్పున వేతనంతో కూడిన సెలవు కల్పించింది. శ్రమించిన దేహానికి తేరుకునే వ్యవధి ఇవ్వడం ఆ ఏర్పాటులోని ఉద్దేశం. దానిని మనం పొదుపు పథకంగా మార్చుకున్నాము. నగదుగా మార్చుకున్న సెలవుపై ప్రభుత్వేతర ఉద్యోగులకు ఉన్న ఆదాయపు పన్ను మినహాయింపు పరిమితి 2023లో మూడు లక్షల నుంచి ఇరవై అయిదు లక్షలకు పెరిగిన తరువాత ఆ ఆకర్షణ మరింత బలపడింది.

వైద్యశాస్త్రం ఈ విషయమై ఏమంటోంది? ఫిన్లాండులోని హెల్సింకిలో 1919, 1934 మధ్య జన్మించిన 1,222 మంది ఉన్నతోద్యోగులను 1970ల మధ్యలో ఒక అధ్యయనంలో చేర్చుకున్నారు. అందరికీ గుండెజబ్బు కారకాలు ఏవో కొన్ని ఉన్నాయి. వారిలో సగం మందికి అయిదేళ్ళపాటు ఆహారం, వ్యాయామం, పొగ మానడం గురించి శ్రద్ధగా సలహాలిచ్చి, అవసరమైనవారికి మందులు కూడా ఇచ్చారు. దశాబ్దాల తరువాత లెక్క చూసుకుంటే, ఇంత శ్రద్ధ పొందిన ఆ బృందంలోనే, ఏడాదికి మూడు వారాలు లేదా అంతకు తక్కువ సెలవు తీసుకున్నవారు, అంతకు మించి తీసుకున్నవారికన్నా 2004 నాటికి మరణించే అవకాశం 37 శాతం అధికంగా కనిపించింది. సలహాలు పొందని రెండవ బృందంలో ఈ భేదం కనిపించలేదు. విశ్రాంతి లేని మనిషిపై నియమాలు కూడా ఒక బరువై కూర్చుంటాయేమో అని నాకు అనిపిస్తుంది. రోగులకు నియమాల జాబితాలు రాసి ఇచ్చిన నా చేతికి ఈ ఆలోచన కొంత ఇబ్బందికరమే.

అయితే ఇటువంటి పరిశీలనలతో ఒక చిక్కు ఉన్నది. ఎక్కువ సెలవులు తీసుకోగలిగినవారు సాధారణంగా మెరుగైన ఆరోగ్యమూ ఆదాయమూ ఉన్నవారే. కాబట్టి సెలవే ఆయుష్షు పెంచిందని గట్టిగా చెప్పలేము. సెలవు రక్తపోటు మాత్రకు ప్రత్యామ్నాయం అని ఎవరైనా అంటే నమ్మకండి.

సెలవు ఎన్ని రోజులుండాలన్నదానిపై నెదర్లాండ్స్‌లో జరిగిన మరొక చిన్న పరిశీలన నాకు ఎక్కువ ఉపయోగపడింది. సగటున ఇరవై మూడు రోజుల సెలవుకు వెళ్ళిన 54 మందిని సెలవు పొడుగునా ప్రశ్నించారు. వారి ఆరోగ్యభావన తొలిరోజుల్లో త్వరగా పెరిగి ఎనిమిదవ రోజుకు శిఖరానికి చేరింది. పనిలో చేరిన వారంలోపే మునుపటి స్థితికి దిగిపోయింది కూడా. ఈ రెండవ మాట విని కొందరు, అటువంటప్పుడు వెళ్ళి ప్రయోజనమేమిటి అంటారు. మధ్యాహ్నానికి మళ్ళీ ఆకలి వేస్తుందని ఉదయం ఫలహారం మానుకుంటామా?

రాత్రి పాళీ చేసేవారికి ఎనిమిది రోజుల వ్యవధి మరింత అవసరం. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా కొలిమి దగ్గర మేలుకొని ఉన్న దేహంలోని గడియారం పగటి జీవితానికి ఒక్కసారిగా తిరగదు. సుమారు రోజుకు ఒక గంట చొప్పున జరుగుతుంది. రెండు రోజుల వారపు విరామంలో అది మధ్యలోనే ఉండగా మళ్ళీ సైరను మోగుతుంది.

మన విశాఖవాసుల విహారాలు దీనికి పూర్తిగా విరుద్ధం. శనివారం అర్ధరాత్రి కారెక్కి, నిద్ర లేకుండా పాడేరు ఘాట్ రోడ్డెక్కి, తెల్లవారకముందే వంజంగి కొండపై మేఘాలు చూసి, ఫోటోలు తీసుకొని, ఆదివారం రాత్రికి ఇల్లు చేరి, సోమవారం డ్యూటీకి వెళ్ళే యువకులను చూస్తూనే ఉన్నాను. దృశ్యం అద్భుతమే, కాదనను. దానిని విశ్రాంతి అని మాత్రం అనలేను. పైగా నిద్రమత్తులో ఘాట్ రోడ్డుపై వాహనం నడపడం ప్రాణాంతకం.

రెండేళ్ళ క్రితం మేమిద్దరం పదకొండు రోజులు గోదావరి వెంట తిరిగాము. భద్రాచలం, పర్ణశాల చూసుకొని, రాజమహేంద్రవరం చేరి, గండిపోచమ్మ దగ్గర బోటెక్కి పాపికొండల నడుమ పేరంటాలపల్లి దాకా వెళ్ళి వచ్చాము. ధవళేశ్వరం దగ్గర ఒక సాయంత్రం ఊరికే కూర్చున్నాము. తరువాత కోనసీమలో దిండి, చివరకు అంతర్వేది. వారణాసి నుంచి డిబ్రూగఢ్ వరకు 51 రోజులు సాగే గంగా విలాస్ వంటి నౌక మనబోటి వారి స్తోమతకు మించినది. మన నదిని మన చొప్పున పది రోజులకు పరచుకోవచ్చు. మొదటి మూడు రోజులు నాకు విసుగు పుట్టింది, మాటిమాటికీ ఫోను తీసి చూశాను. నాలుగవ రాత్రి ఏడు గంటలు ఏకధాటిగా నిద్రపోయాను. నీటిలో ఏదో ఔషధం ఉన్నదని చెప్పబోను. బోటు తన వేగానికే పోతుంది, మనం తొందరపడి చేయగలిగినది ఏమీ ఉండదు, కొండల మధ్య ఫోనూ పలకదు. సముద్రంలో వాంతులయ్యేవారికి కూడా నది మీద సాధారణంగా ఇబ్బంది ఉండదు.

ఆ పదకొండు రోజుల్లో నేను గమనించిన మరొక సంగతి: నా శ్రీమతి ఒక్క పూటా వంట చేయలేదు. బంధువుల ఇంటికో, వంటగది ఉన్న అతిథిగృహానికో వెళితే సెలవు మగవారికే, ఆడవారికి వంటగది మారుతుందంతే. అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ అధ్యయనంలో ఆరేళ్ళకొకసారి కూడా విహారానికి వెళ్ళని గృహిణులలో గుండెపోటు ముప్పు అధికంగా కనిపించింది. ఆ గృహిణులను గురించి చదివినప్పుడు ఇంట్లోని మనిషి గుర్తుకు రాకపోవడం నా తప్పు.

జాగ్రత్తలు కొన్ని. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వరద కాలంలో వెళ్ళవద్దు, నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మేలు. లైఫ్ జాకెట్ ఇవ్వని బోటు ఎక్కవద్దు, ఇచ్చినదానిని తలకింద దిండుగా పెట్టుకోవద్దు. రక్తపోటు, మధుమేహం మందులు ప్రయాణానికి మించి నాలుగు రోజులకు అదనంగా, చేతిసంచిలోనే ఉంచుకోండి. ఇన్సులిన్ వాడేవారు దానిని ఎండ తగలకుండా చల్లగా ఉంచుకోండి. రైలులోనో బస్సులోనో గంటల తరబడి కదలకుండా కూర్చోవద్దు. మధ్యమధ్య లేచి నడిస్తే కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

సెలవు పెడితే ఆ రోజు కూలి పోయే ఒప్పంద కార్మికులకు నా సలహా అక్కరకు రాదని తెలుసు. వారికి చట్టం ఇచ్చిన సెలవును గుత్తేదారు నుంచి రాబట్టే బాధ్యత యాజమాన్యాలపై, కార్మిక సంఘాలపై ఉన్నది. వేతన ఒప్పందాల సమయంలో నగదు మార్పిడి గురించి గంటలు చర్చించే సంఘాలు, ఏటా పది రోజుల సెలవు తప్పనిసరిగా వాడుకొనే నిబంధన కోసం కూడా పట్టుబట్టాలి.

ఆ ఉక్కు కర్మాగారపు మిత్రుడు నిన్న మళ్ళీ వచ్చారు. రక్తపోటు 142/90. డిసెంబరులో పన్నెండు రోజులకు దరఖాస్తు పెట్టారట. పై అధికారి ఎనిమిది రోజులే ఇస్తానన్నారట. పన్నెండుకే గట్టిగా అడగమని చెప్పి పంపించాను.