పేరు మిగిలితే చాలదు

ఆదిలాబాదు జిల్లాలోని బోథ్, షెడ్యూల్డు తెగలకు కేటాయించిన శాసనసభ నియోజకవర్గం. ఎన్నికల నాడు అక్కడి గూడెంలో అక్షరం రాని అవ్వ, కళాశాలలో చదివే మనుమరాలు ఒకే వరుసలో నిలుస్తారు. ఇద్దరూ గుర్తును చూసి, దాని ఎదుట ఉన్న నీలిరంగు మీట నొక్కుతారు. కరెంటు పోయినా ఆ యంత్రం ఆగదు, బ్యాటరీతో నడుస్తుంది. దేశంలో ఈ యంత్రాలను తయారుచేసే సంస్థలు రెండు. ఒకటి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్స్. రెండవది హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా. ఇ.సి.ఐ.ఎల్. అంటేనే దానిని అందరూ గుర్తుపడతారు.

హైదరాబాదు వెళ్ళినవారికి ఈ పేరు పరిచితమే. నగర బస్సుల మీద ‘ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా’ అని రాసి ఉంటుంది. ఆ చేరువలోనే ‘ఎ.ఎస్. రావు నగర్’ ఉంది. నిత్యం వేలాదిమంది పలికే ఈ మాటల వెనుక ఒక చరిత్ర ఉంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన డాక్టర్ అయ్యగారి సాంబశివరావు, హోమీ భాభా సహచరుడిగా అణుశక్తి రంగంలో ఎలక్ట్రానిక్స్ పరిశోధనకు బాటలు వేశారు. విదేశాల నుండి తెచ్చుకొనే పరికరాలను మన దేశంలోనే తయారుచేసుకోవాలన్నది ఆయన సంకల్పం. ఆ సంకల్పమే 1967 ఏప్రిల్ 11న ఇ.సి.ఐ.ఎల్. రూపం ధరించింది.

ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ అన్న పేరుతో 1969లో టి.డి.సి.-12 పని ప్రారంభించింది. దాని మెమరీలో 4,096 పదాలు, ఒక్కొక్క పదంలో 12 బిట్లు. ఆనాటి మెమరీలో ఒక్కొక్క బిట్టుకు ఒక్కొక్క చిన్న ఫెర్రైట్ వలయం ఉండేది. అంటే ఆ యంత్రం గుర్తుంచుకోవడానికి 49,152 వలయాల గుండా సన్నని తీగలు సాగాలి. తరువాత టి.డి.సి.-312, టి.డి.సి.-316, 1978లో మైక్రో-78 వచ్చాయి. అవి ప్రయోగశాలలలో, విశ్వవిద్యాలయాలలో ఒక తరానికి కంప్యూటరు విద్య నేర్పాయి. ఓటింగు యంత్రం నమూనాను ఇ.సి.ఐ.ఎల్. 1979లో రూపొందించింది. 1982లో కేరళలోని పరూరులో ఓటింగు యంత్రాలను తొలిసారి వాడారు. 2004 నాటికి లోక్‌సభ నియోజకవర్గాలన్నింటిలో అవే వెలిశాయి.

ఇంతటి వారసత్వాన్ని కాపాడుకోవడమంటే ఏమిటి? సంస్థ నేటికీ పనిచేస్తోంది. చౌరస్తాకు, కాలనీకి పేర్లు నిలిచాయి. అంతటితో తృప్తిపడటం తగదు. భవనం పాతబడితే మరమ్మతు చేస్తారు. కంప్యూటరు పాతబడితే తూకానికి అమ్ముతారు. తక్కెడలో ఇనుముకు, రాగికి విలువ ఉంటుంది. వాటిని కూర్చిన బుద్ధికి ఉండదు. అంతకన్నా త్వరగా కరిగిపోయేది మనుషుల జ్ఞాపకం. 1967లో ఇరవై రెండేళ్ళ వయసులో ఉద్యోగంలో చేరిన ఇంజనీరు నేడు ఎనభైలు చూస్తున్నాడు. అతని చేతికి తెలిసిన విద్య అతనితోనే ముగిసిపోతే, మిగిలిన యంత్రం మూగదవుతుంది.

నేటి సెల్‌ఫోను ముందు ఆ యంత్రాలు ఏపాటివని కొందరు ప్రశ్నించవచ్చు. వాటికి చోటు, ఖర్చు దండగ అనవచ్చు. వేగంలో పోటీ లేదన్న మాట నిజమే. అయితే నేటి చిప్పు లోపల ఏం జరుగుతుందో కంటికి కనిపించదు. ఆనాటి యంత్రంలో వలయాన్ని, తీగను వేలితో చూపి చెప్పవచ్చు. విద్యార్థికి అది తెరిచిన పుస్తకం.

ఇతర దేశాలు ఈ సంగతిని గ్రహించాయి. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1957లో మేనార్డ్ పట్టణంలోని పాత ఉన్నిమిల్లులో పుట్టింది. 1998లో కంపాక్ దానిని కొనడంతో ఆ సంస్థ కనుమరుగైంది. కాని దాని తొలి కంప్యూటరు పి.డి.పి.-1ను కాలిఫోర్నియాలోని కంప్యూటర్ చరిత్ర మ్యూజియంలో బాగుచేసి, మళ్ళీ నడిపించారు. ఆనాడు దానిపై పనిచేసినవారే సందర్శకులకు వివరించారు. సంస్థ అంతరించినా విద్య అంతరించలేదు.

మనకు సంస్థ సజీవంగానే ఉంది గనుక పని మరింత సులభం. పాత కంప్యూటర్లున్న కళాశాలలు, కార్యాలయాలు వాటిని వేలం వేసేముందు ఒకసారి నిపుణులకు చూపాలి. దొరికిన వాటిని, వాటి పటాలను, వాడుక పుస్తకాలను ప్రజలందరూ చూడగలిగే చోట ఉంచాలి. వీలైనచోట యంత్రాన్ని నడిపి చూపాలి. పదవీ విరమణ చేసిన ఇంజనీర్ల, కార్మికుల అనుభవాలను వారి నోటనే, తెలుగులోనే నమోదు చేయాలి. ఇది సంస్థ ఒక్కదాని బాధ్యత కాదు. విశ్వవిద్యాలయాలూ ప్రభుత్వమూ చేయి కలపాలి.

బోథ్ విద్యార్థిని పద్దెనిమిదేళ్ళు నిండి తొలి ఓటు వేసేటప్పుడు ఆ మీట వెనుక ఎవరి శ్రమ ఉందో తెలుసుకోగలగాలి. తమవంటి పల్లెలో పుట్టినవారే దాని పునాది వేశారని తెలిస్తే, యంత్రం వాడటమే కాక చేయడం కూడా తనకు సాధ్యమేనన్న ధైర్యం కలుగుతుంది. ఆ ధైర్యమే ఇ.సి.ఐ.ఎల్. మనకు మిగిల్చిన అసలైన ఆస్తి. దానిని బస్సు పలక మీది పేరుగా మాత్రమే మిగిల్చడం ఆ తరానికి మనం చేసే అన్యాయం.