స్టేజీ ఒకటే, సమాధుల తోటలు వేరు

డిసెంబరు వచ్చిందంటే కోస్తాలో ఏ మండల కేంద్రానికి వెళ్లినా కాలేజీ గ్రౌండులో షామియానా, 'ఐక్య క్రిస్మస్' ఫ్లెక్సీ కనిపిస్తాయి. ఫ్లెక్సీ మీద పాస్టర్ల ఫొటోలు పాస్‌పోర్టు సైజులో వరుసగా ఉంటాయి. ఎమ్మెల్యేగారిది మాత్రం పెద్దది. లూథరన్ అయ్యగారు ప్రార్థన చేస్తారు, బాప్టిస్టు పాస్టరుగారు వాక్యం చదువుతారు, సీఎస్ఐ క్వయర్ పాడుతుంది, పెంతెకోస్తు యౌవనులు కీబోర్డు, డ్రమ్స్ మోసుకొస్తారు. కేకు కోస్తారు. రాత్రి పదింటికి షామియానా విప్పేస్తారు. ఆ పాస్టర్లంతా మళ్లీ ఒకచోట కూర్చునేది వచ్చే నవంబరులోనే. అదీ కొత్త ఫ్లెక్సీ మీద ఎవరి ఫొటో ఎక్కడుండాలో తేల్చుకోవడానికి.

జనవరిలో అదే ఊళ్లో ఒక ముసలమ్మ కన్నుమూస్తే సంగతి వేరు. ఆమె ఏ సంఘం మనిషి? చందా కడుతూ వచ్చిందా? కొడుకు ఈమధ్య పక్క మందిరానికి మారాడటగా? ఇవి తేలేదాకా గొయ్యి తవ్వరు. తోట తమదంటే తమదని రెండు సంఘాల పెద్దలు వాదులాడుకుంటుంటే శవం ఇంటి ముందు ఎండలో ఉంటుంది. ఈ దృశ్యం చూడని తెలుగు క్రైస్తవుడు తక్కువ.

కలిసి పాడటాన్ని నేను చిన్నచూపు చూడటం లేదు. కానీ లెక్కల పుస్తకం ఉమ్మడిగా లేని చోట ఐక్యత స్టేజీ దిగి ఊళ్లోకి రాదు. పొరుగు సంఘాలు కలిసి చేయాల్సింది ఇంకో సభ కాదు, ఒక పని. ఖర్చయ్యే పని, పాడైతే ఎవరో ఒకరు బాగు చేయించాల్సిన పని.

మనకు ఈ అలవాటు ఎందుకు లేదన్నదానికి జవాబు కొంత చరిత్రలో ఉంది. 19వ శతాబ్దంలో వచ్చిన మిషన్లు తెలుగు నేలను పంచుకున్నాయి. 1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే వెనక అమెరికన్ బాప్టిస్టులు ఒంగోలు దాకా విస్తరించారు. 1842లో గుంటూరులో దిగిన హేయర్ వెనక లూథరన్లు వచ్చారు. బందరులో, తర్వాత దోర్నకల్‌లో ఆంగ్లికన్లు, కడపలో లండన్ మిషన్, కాకినాడలో కెనడా బాప్టిస్టులు, మెదక్‌లో వెస్లియన్ మెథడిస్టులు, పాలమూరులో మెన్నొనైట్ బ్రదరెన్. ఒకరు దున్నే పొలంలో మరొకరు నాగలి పెట్టకూడదన్నది వాళ్ల కట్టుబాటు. మిషనరీలు దాన్ని కామిటీ అనేవారు. తగాదాలు రాకుండా చూసిన ఏర్పాటే, కాదనను. కానీ దాని ఫలితం ఏమిటంటే, ఒంగోలు వైపు పుట్టినవాడు బాప్టిస్టు అయ్యాడు, గుంటూరు వైపు పుట్టినవాడు చాలా మటుకు లూథరన్ అయ్యాడు. బాప్తిస్మం మీద నమ్మకం కంటే పుట్టిన తాలూకాయే ఎక్కువ పనిచేసింది.

ఇంకో ఫలితం ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. దాదాపు నూరేళ్ల పాటు మన పల్లె సంఘాలకు పొరుగు సంఘమంటూ లేదు. రైళ్లు, మిల్లులు, ఉద్యోగాలు జనాన్ని పట్నాలకు చేర్చాక, లూథరన్ సంఘం నుంచి బయటికొచ్చిన దేవదాసు అయ్యగారు 1938లో బైబిల్ మిషన్ పెట్టాక, భక్తసింగ్ గారి సహవాసాలు హైదరాబాదు హెబ్రోను నుంచి ఊరూరా పాకాక, ఆపైన పెంతెకోస్తు మందిరాలు వీధికొకటి లేచాక పొరుగువాడు వచ్చాడు. అప్పటికి మనకు వచ్చిన మాట ఒకటే: 'మా గొర్రెల్ని దొంగిలిస్తున్నారు.' ఒక్కడే పెరిగిన పిల్లాడికి హఠాత్తుగా తమ్ముళ్లు పుట్టుకొస్తే ఎలా ఉంటుందో అలా ఉంది పాత సంఘాల పరిస్థితి.

పైనుంచి కలపాలన్న ప్రయత్నం జరగలేదని కాదు. దానికి పునాది వేసినవాళ్లలో ముఖ్యుడు మన దోర్నకల్ బిషప్పే. తిరునెల్వేలి నుంచి వచ్చి తెలుగు పల్లెల్లో స్థిరపడ్డ వి.ఎస్. అజరయ్య 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పయ్యారు. 1919లో తరంగంబాడిలో భారతీయ పాదిరులు కూర్చుని, ఐరోపా తగాదాలు మనమెందుకు మోయాలని అడిగినప్పుడు ముందున్నదీ ఆయనే. ఆ మాట నెరవేరడానికి 28 ఏళ్లు పట్టింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) పుట్టింది. అజరయ్య అంతకు రెండేళ్ల ముందే, 1945 జనవరి 1న, కన్నుమూశారు. బిషప్పులున్న ఆంగ్లికన్లూ బిషప్పులు లేని కాంగ్రిగేషనలిస్టులూ ఒకే గొడుగు కిందికి రావడం ప్రపంచ క్రైస్తవ్యంలోనే పెద్ద విశేషం.

అయితే తెలుగు నేల మీద ఆ గొడుగు చిన్నదైపోయింది. ఇక్కడ పెద్ద సంఘాలైన లూథరన్లు, బాప్టిస్టులు అందులో చేరలేదు. నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది దశాబ్దాలు బయటే ఉండిపోయారు. సీఎస్ఐకీ లూథరన్లకూ మధ్య చర్చలు ఏళ్ల తరబడి సాగాయి, సిద్ధాంతాల్లో చాలా వరకు ఒప్పుదల కూడా కుదిరింది. విలీనం మాత్రం జరగలేదు. కాగితం మీద అందరూ ఒప్పుకున్నాక కూడా కలవలేకపోయారంటే అడ్డం సిద్ధాంతం దగ్గర లేదన్నమాట.

మరి ఏవి కలిసొచ్చాయి? మదనపల్లె పక్కన ఆరోగ్యవరం చూడండి. 1910ల్లో మొదలైన ఆ క్షయ శానటోరియం పేరులోనే సంగతుంది: యూనియన్ మిషన్. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్-ముల్లర్ మొదటి సూపరింటెండెంటు. క్షయకు మందు లేని రోజులు. మంచి గాలి, పాలు, గుడ్లు, నెలల తరబడి విశ్రాంతి, ఇదే వైద్యం. అంత ఖర్చు ఏ మిషనూ ఒంటరిగా భరించలేదు. అందుకే శిశు బాప్తిస్మం ఇచ్చేవాళ్లూ, అది చెల్లదనేవాళ్లూ ఒక బోర్డులో కూర్చుని పాల లెక్కలు చూసుకున్నారు. వెల్లూరూ అంతే. 1900లో ఐడా స్కడర్ ఒక్క మంచంతో మొదలుపెట్టిన వైద్యశాల ఈనాడు ఏ ఒక్క డినామినేషన్ సొత్తూ కాదు, పలు సంఘాల ప్రతినిధుల కౌన్సిలు చేతిలో ఉంది. చిత్తూరు, కడప, నెల్లూరు నుంచి రైలెక్కే రోగి అక్కడ ఏ సంఘం డాక్టరు చూస్తాడని అడగడు.

పాదిరుల చదువూ ఉమ్మడి అయింది. ఎవరి సెమినరీ వాళ్లదిగా ఉన్న లూథరన్లు, బాప్టిస్టులు, సీఎస్ఐ వాళ్లు 1964లో రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీని కలిసి పెట్టుకున్నారు. తర్వాత అది హైదరాబాదుకు మారింది. పదిమంది పాదిరుల్ని ఒకే మెస్సులో నాలుగేళ్లు భోంచేయించడం వంద ఐక్య సభల పెట్టు అని నా అభిప్రాయం. ఇక ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం సంగతి చెప్పనే అక్కర్లేదు. పురుషోత్తమ చౌదరి కీర్తన లూథరన్ గుడిలో ఎంత తెలిసిందో బాప్టిస్టు మందిరంలోనూ అంతే తెలుసు. ఏ బిషప్పూ ఆజ్ఞ ఇవ్వకుండానే జరిగిన ఐక్యత అది.

వీటన్నిటిలో ఎవరూ తమ సిద్ధాంతం వదులుకోలేదు. హద్దున్న ఒక పని పెట్టుకున్నారు, దానికి రాతకోతలు చేసుకున్నారు. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో సమావేశమైన సంఘాలు ఈ పద్ధతినే సూత్రంగా తిరగేసి చెప్పాయి: మనస్సాక్షి నిజంగా ఒప్పుకోని విషయాల్లోనే విడిగా చేద్దాం, మిగతావన్నీ కలిసి చేయాలి కదా అని. అంటే కలిసి చేసేవాడు కాదు, విడిగా చేసేవాడు కారణం చెప్పుకోవాలి. మన పాస్టర్స్ ఫెలోషిప్పుల్లో ఈ ప్రశ్న వేస్తే ఎంత ఇబ్బందిగా ఉంటుందో! నీటిలో ముంచే బాప్తిస్మానికీ తోట చుట్టూ ప్రహరీగోడకీ సంబంధమేమిటి?

అసలు సంబంధం వేరేచోట ఉంది. దాన్ని పేరు పెట్టి చెప్పకపోతే ఈ వ్యాసం కూడా ఇంకో ఫ్లెక్సీయే అవుతుంది. 1866లో బాప్టిస్టు మిషనరీ క్లౌ ఒంగోలు చేరాక ఉద్యమాన్ని పల్లెపల్లెకూ మోసినవాడు ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ. దాంతో ఒంగోలు బాప్టిస్టు సంఘం చాలా మటుకు మాదిగల సంఘమైంది. మరోచోట మరో మిషన్ ముందుగా మాలపల్లెలో అడుగుపెట్టింది. తర్వాత ఒకే ఊళ్లో రెండు సంఘాలు పక్కపక్కన వెలిశాయంటే, తరచూ అవి రెండు డినామినేషన్లు కావు, రెండు పల్లెలు. సమాధుల తోటలో కనిపించే గట్టు లూథరన్లకీ బాప్టిస్టులకీ మధ్య గట్టు కాదు. ఎస్సీ వర్గీకరణకు 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు దారి చూపి, 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ దాన్ని అమల్లోకి తెచ్చాక ఆ చర్చ మందిరాల బెంచీల మీదికీ వచ్చింది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైనవాడు ఎస్సీ కాడు, ఆంధ్రలో బీసీ-సి. కాబట్టి చర్చి రిజిస్టరులో ఒక లెక్క, మండలాఫీసులో ఇంకో లెక్క. ఎవరు ఎందరో పైకి చెప్పుకోలేని సంఘాలు కలిసి సంతకాలు పెట్టాలంటే జంకుతాయి. ఆ జంకును సిద్ధాంతం అని పిలవడం మాత్రం న్యాయం కాదు. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్లు కోర్టులోనూ వీధిలోనూ వినిపించుకోవచ్చు. శవానికి ఆరడుగుల నేల దగ్గర ఆ వాదన పనిచేయకూడదు.

బయటివాళ్ల అనుమానం ఇంకొకటి: సేవ పేరుతో మతమార్పిడి. ఈ అనుమానం కొత్తది కాదు, క్లౌకూ తెలుసు. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని ఆయన కాంట్రాక్టుకు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కాలమంతా బాప్తిస్మాలు ఆపేశాడు, తిండి కోసం వస్తున్నారన్న మాట పడకూడదని. పనులు ముగిశాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. ఆ సంఖ్యను ఇప్పటికీ ప్రసంగాల్లో గర్వంగా చెబుతారు, అంతకుముందు ఆపేసిన నెలల్ని చెప్పరు. నాలుగు సంఘాలు కలిసి ఒక పని చేస్తే ఆ జాగ్రత్త దానంతటదే వస్తుంది. పుణ్యం ఏ సంఘం ఖాతాలోనూ పడదు, ఏ మందా పెరగదు. చూసేవాడికి అనుమానించడానికి చోటు తగ్గుతుంది.

తుపాను ఈ పాఠం ఒకసారి చెప్పింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచి పదివేల మందికి పైగా ప్రాణాలు తీసింది. ప్రొటెస్టెంట్, ఆర్థడాక్స్ సంఘాల ఉమ్మడి సహాయ సంస్థ కాసా తీర గ్రామాల్లో తుపాను షెల్టర్లు కట్టింది. అయితే అది ఢిల్లీ నుంచి వచ్చిన ఐక్యత, విదేశీ సంఘాల డబ్బుతో వచ్చిన ఐక్యత. 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ చట్టాన్ని సవరించి, విదేశీ నిధులు తీసుకున్న సంస్థ మరో సంస్థకు వాటిని పంచకూడదన్నారు. పెద్ద సంస్థ నుంచి పల్లె సంఘానికి దిగివచ్చే పిల్లకాలువ అక్కడితో ఆగింది. ఇక మిగిలింది ఆదివారం కానుకల సంచి. ఒక్క సంఘం సంచి కరెంటు బిల్లుకీ పాస్టరు జీతానికీ సరిపోతుంది. నాలుగు సంచులైతే ఏదైనా చేయొచ్చు.

ఏం చేయాలంటే, నేనైతే తోటతోనే మొదలుపెడతాను. నాలుగు సంఘాలూ ఒక సొసైటీగా రిజిస్టరు కావడానికి 2001 నాటి చట్టం చాలు. బ్యాంకు ఖాతాకు వేర్వేరు సంఘాల నుంచి ఇద్దరి సంతకాలు ఉండాలి. స్థలం కోసం తహసీల్దారు దగ్గరికి నాలుగు అర్జీలు వెళ్తే నాలుగూ బీరువాలో ఉంటాయి, ఒక్కటే అర్జీ వెళ్తే దానికో ఫైలు నంబరు పడుతుంది. చెన్నై కీల్పాక్ శ్మశానాన్ని క్యాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు కలిసి ఒక ట్రస్టు బోర్డు ద్వారా నడుపుకొస్తున్నారు. అంత దూరం కలవగలిగినప్పుడు లూథరనూ బాప్టిస్టూ కలవలేకపోవడం వింతే.

ఇక క్షయ. 2022 సెప్టెంబరులో కేంద్రం నిక్షయ్ మిత్ర మొదలుపెట్టింది. ఏ సంస్థయినా క్షయ రోగుల్ని దత్తత తీసుకుని కనీసం ఆరు నెలలు పౌష్టికాహారం ఇవ్వొచ్చు. ఆరోగ్యవరానికి పాలు, గుడ్లు పంచుకున్న మిషన్ల వారసులు మనం. మండలంలోని స్త్రీల సమాజాలు వంతులేసుకుంటే పప్పు, నూనె, గుడ్లు గడపగడపకీ వెళ్తాయి, రోగి పేరు తప్ప సంఘం పేరు అడగాల్సిన పనిలేదు. గత ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ప్రకటించినప్పుడు పేర్ల జాబితా కోసం ఫెలోషిప్పులు ఎంత చురుగ్గా కదిలాయో అందరం చూశాం. ఆ చురుకులో సగం చాలు.

మా వైపు నవంబరు 2న సమాధుల పండుగ. కొడవళ్లు, సున్నం డబ్బాలు, కొవ్వొత్తులు పట్టుకుని అన్ని సంఘాలవాళ్లూ తోటకు వస్తారు. గట్టుకు ఇటువాళ్ల చీపురు అటు వెళ్తుంది, అటువాళ్ల బకెట్టు ఇటు వస్తుంది. చీకటి పడేసరికి రెండు వైపులా ఒకే కీర్తన వినిపిస్తుంది. తోట మధ్యలో చేతిపంపు ఒకటుంది. దాని హ్యాండిల్ విరిగి రెండేళ్లయింది. నీళ్లు ఇళ్ల నుంచే మోసుకొస్తున్నారు. బాగు చేయించడానికి రెండు మూడు వేలవుతుందట, అది ఏ సంఘం పెట్టుకోవాలన్నది ఇంకా తేలలేదు.